ఏనుగు లేచేదాకా

“అసలు మీకు సంగీతం వచ్చా అమ్మా?”

బ్యాండు టీచరుగా చేరిన మొదటి ఏడాదే ఒక ఇన్‌స్పెక్టరు ఆమెను అడిగిన ప్రశ్న ఇది. స్టాఫ్ రూములోకి పిలిచి అడగలేదు. పొద్దున అసెంబ్లీలో, పిల్లలందరి ముందే అడిగేశాడు. ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. ఆ హైస్కూలు పాటలో రెండో చరణం మధ్యకు వచ్చేసరికి బ్యాండుతో సహా బడి మొత్తం టక్కున ఆగిపోతుంది. ఒక అడుగు వేసేంత సేపు ఎక్కడా చప్పుడుండదు. మళ్లీ అందరూ ఒక్క గొంతుతో అందుకుంటారు. కొత్తగా వినేవాడికి, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టుంటుంది.

“వచ్చండీ. ఆగడం కూడా వచ్చు,” అంది ఆమె.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పిల్లలు మాత్రం ఆ రోజునుంచి ఆమెను ‘బ్యాండు మేడమ్’ అని కాస్త గర్వంగా పిలవడం మొదలుపెట్టారు.

వందేళ్ల బడి అనగానే మనవాళ్లకు గొంతు గద్గదమైపోతుంది. కాస్త ఓపిక చేసుకుని చూస్తే ఈ బడి చరిత్రలో సగం పైకప్పుల చరిత్ర. మొదట్లో ఒక షావుకారు తన గోదాము రాసిచ్చాడు. అది కురుస్తోంది, సరుకు పాడైపోతోంది. పిల్లలు తడిస్తే పాడయ్యేదేముంది? ఆఫీసు గదిలో దండ వేసి ఉన్న ఆయన ఫొటో కింద ‘విద్యాదాత’ అని ఉంటుంది. చాలా ఏళ్లకు, ఒక వానాకాలంలో పక్క వీధి ఆడపిల్లల బడి కప్పు కూలింది. బాగుచేసేదాకా సర్దుకోమని ఆ పిల్లల్ని ఇక్కడికి పంపారు. ఆ కప్పును ఎవరూ బాగుచెయ్యలేదు. మా బడి స్త్రీవిద్యకు తలుపులు తెరిచిందని ఉపన్యాసాల్లో చెప్పేది దీని గురించే.

ఇక కార్యక్రమాలంటారా, చాలానే వచ్చాయి. వడ్రంగం వచ్చింది, టైపు వచ్చింది, కుట్టుపని వచ్చింది. వచ్చినప్పుడు ఫొటో తీశారు, పోయినప్పుడు గదికి తాళం వేశారు. టైపు గదిలో ఇప్పుడు విరిగిన బెంచీలున్నాయి. బ్యాండు ఒక్కటే మిగలడానికి కారణం కళాభిమానం అనుకోనక్కర్లేదు. దాని పెద్ద బూర స్టోరు గది తలుపులో పట్టదు.

ఆ బూర పేరే ఏనుగు. చుట్టలు చుట్టలుగా ఇత్తడి గొట్టం, పైన గంగాళమంత నోరు, చేతికింద మూడు మీటలు. కప్పు కూలిన బడినుంచి వచ్చిన మొదటి జట్టులో ఈ బ్యాండు మేడమ్ కూడా ఉంది. లారీ డ్రైవరు కూతురు, ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల. ఆడపిల్లలందర్నీ కుట్టుపనికి పంపుతుంటే, సూదిలో దారం ఎక్కించడమంటే ఆమెకు తల ప్రాణం తోకకొచ్చేది. డ్రమ్ము కోసం అబ్బాయిలు కొట్టుకు చచ్చేవారు గానీ ఏనుగును ఎత్తుకునేవాడు దొరకలేదు. తను ఎత్తుకుంటానంది. మగపిల్లలు ముక్కున వేలేసుకున్నారు.

అప్పటి బ్యాండు మాస్టారు పోలీసు బ్యాండులో చేసి వచ్చిన మనిషి. బక్కపలచగా ఉండేవాడు, మాట తక్కువ. బూర ఆయన చేతికి వచ్చేసరికే మూడో మీట స్ప్రింగు నీరసించిపోయింది. నొక్కితే దిగుతుంది కానీ లేవడానికి బద్ధకిస్తుంది. పాటంతా ఎలాగో నెట్టుకొచ్చినా, రెండో చరణంలో ఆ మీట దిగీ దిగగానే లేవాలి. లేవదు. అక్కడికి వచ్చేసరికి ఆమె బూర గేదె అరిచినట్టు అరిచేది. వరుసలన్నీ పగలబడి నవ్వేవి.

డ్రమ్ము నాయకుడు ఉండబట్టలేక ఒకనాడు, ఆ అమ్మాయిని తీసేస్తే పాట బాగుపడుతుందని మాస్టారికి సలహా ఇచ్చాడు. మాస్టారు బూర తీసుకుని తనే ఊదాడు. ఆయన చేతిలోనూ గేదే అరిచింది. బాగుచేయించడానికి డబ్బులడిగితే ఆఫీసులో ఏమంటారో ఆయనకు తెలుసు. బూర తిరిగి ఆమె భుజానికెత్తి అందరివైపూ చూశాడు.

“ఏనుగు లేచేదాకా అందరం ఆగుదాం. ఏం, కొంప మునిగిపోతుందా?”

మర్నాడు బ్యాండు ఆగింది. పాడే పిల్లలు ఆగకుండా ముందుకెళ్లి బోర్లాపడ్డారు. కొన్నాళ్లకు వాళ్లూ నేర్చుకున్నారు. కొత్తగా చేరినవాళ్లు పాతవాళ్లను చూసి ఆగారు. అలా ఏళ్లు గడిచేసరికి, ఎందుకు ఆగుతున్నామన్నది ఎవరికీ అక్కర్లేకుండా పోయింది.

ఆమె చదువు ముగించి, అదే బడిలో మాస్టారికి సహాయకురాలిగా చేరాక, ఒకరోజు స్టోరు గది తాళంచెవి పోయింది. తాళాలు బాగుచేసే కుర్రాణ్ణి పిలిపించారు. అతను తాళం తీసి వెళ్లిపోతూ వరండాలో బూర చూసి ఆగాడు. దానికేం రోగమని అడిగాడు. చెబితే, మీట ఊడదీసి, పాత తాళంలోంచి తీసిన స్ప్రింగు ముక్కొకటి దానిలో కుదిర్చాడు. మూడో మీట చెంగున లేచింది. ఇక ఆగక్కర్లేదని మాస్టారు మర్నాడు అసెంబ్లీలో ప్రకటించాడు. పాట మొదలైంది. రెండో చరణంలో బ్యాండు ముందుకెళ్లింది, బడి ఆగింది. కొన్నాళ్లు బతిమాలారు, కొన్నాళ్లు కేకలేశారు. బడి చెవిన వేసుకోలేదు. చివరికి మాస్టారే దిగొచ్చాడు.

తాళాలతనికి కూలి ఇవ్వమంటే గుమాస్తా ఫండు రాగానే ఇస్తామన్నాడు. అతను ఆ కూలి కోసం తిరిగి తిరిగి ఆమెను పెళ్లి చేసుకున్నాడు.

తర్వాత మాస్టారు పోయాడు, ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ఆ ఏడే ఇన్‌స్పెక్టరుకు సమాధానం చెప్పింది. ఆమెకు జుట్టు నెరిసే వేళకి బడికి నూరేళ్ల పండుగ వచ్చింది, దాంతోపాటు బ్యాండుకు గండమూ వచ్చింది. పనికిరాని పీరియడ్లు తీసెయ్యమని పైనుంచి ఉత్తర్వు. బ్యాండు గదిలో కంప్యూటర్లు పెట్టాలని చూస్తున్నారు. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. దారి ఒకటుందని ఆయనే చెప్పాడు. బడి పుట్టుకతో సంబంధమున్న దేన్నయినా ‘వారసత్వ కార్యక్రమం’ కింద ఉంచుకోవచ్చట.

సంబంధం కలపడానికి చరిత్ర మాస్టారు సిద్ధంగా ఉన్నాడు. రిటైరయ్యాడు, నూరేళ్ల సంచికకు సంపాదకుడు, చిన్నప్పుడు ఆమెకు పాఠం చెప్పినవాడు. పాటలో వచ్చే ఆ నిశ్శబ్దం విద్యాదాతకు తొలితరం విద్యార్థులు అర్పించిన మౌన నివాళి అని సంచికలో రాసేశాడు. అచ్చు కూడా అయిపోయింది. పైఅధికారి వస్తున్నాడు కనుక వేదిక మీద ఆమె కూడా రెండు మాటల్లో అదే చెప్పాలన్నాడు.

“మాస్టారూ, అది మూడో మీటండీ.”

“మీటకి పీరియడు ఎవరిస్తారమ్మా?”

ఆయన మాటలో ఆమెకు తప్పేమీ కనబడలేదు. ఇంటికొచ్చి చెబితే, భర్త తాళంచెవి ఆకురాయితో అరగదీస్తూ తలెత్తకుండానే, “చెప్పెయ్యి. పోయిన షావుకారు లేచొచ్చి కాదంటాడా?” అన్నాడు.

అత్తగారు మంచం మీదనుంచి అందుకుంది. “నాతో రోజుకి సవాలక్ష అబద్ధాలాడతావు. నీ బడి కోసం ఒక్కటి ఆడలేవుటే?”

ఆమె నవ్వేసింది. నిజం కోసం ప్రాణాలిచ్చే రకం కాదామె. బ్యాండు పిల్లలు వేరే క్లాసు ఎగ్గొట్టి వచ్చి కూర్చుంటే, నేనే పిలిచానని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇక్కడ ఆమెకు మింగుడుపడనిది వేరే. అంత లావు సంచికలో బక్క మాస్టారి ఫొటో లేదు, పేరు లేదు. షావుకారు ఇచ్చింది కురిసే గోదాము. మాస్టారు ఒక ఆడపిల్లను పక్కకు నెట్టడం మాని బడి మొత్తాన్ని ఆపాడు. ఆయన చేసిన పనికి గుర్తుగా లోకంలో మిగిలింది ఆ ఒక్క అడుగు ఖాళీయే. దాన్ని కూడా తీసుకెళ్లి షావుకారి ఖాతాలో వెయ్యాలంటున్నారు. వెయ్యకపోతే బ్యాండు పోతుంది. బ్యాండూ మాస్టారిదే. తెల్లవారినా ఎటూ తేలలేదు.

వేదిక మీద హెడ్మాస్టరు ఆమెను పిలిచినప్పుడు కూడా ఏం చెబుతుందో ఆమెకే తెలియదని తర్వాత చెప్పింది. నమ్మవచ్చు. మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, సంచికలో రాసింది చాలా బాగుందని మొదలుపెట్టింది. చరిత్ర మాస్టారు తల పంకించాడు.

“కానీ ఈ బడి ఆగింది దాతగారి కోసం కాదండీ. నా కోసం. నా బూరలో మూడో మీట లేచేది కాదు. నన్ను తీసెయ్యమన్నారు. మాస్టారు తియ్యలేదు. ఏనుగు లేచేదాకా ఆగుదామన్నారు. ఆయన పేరు ఇందులో లేదు, అందుకని చెబుతున్నాను.”

నవ్వు ముందుగా మూడో వరుసలో మొదలైంది. కప్పు కూలిన బడినుంచి వచ్చిన ఆడవాళ్లు, ఇప్పుడు అమ్మమ్మలు, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. తర్వాత హాలంతా నవ్వింది. పైఅధికారీ నవ్వాడు. చరిత్ర మాస్టారు మాత్రం చేతి గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నాడు. పాట వాయించారు. రెండో చరణంలో అందరూ ఆగారు. ఈసారి ఆ నిశ్శబ్దం అంత శుభ్రంగా లేదు, లోపల్లోపల ఎవరో కిసుక్కుమంటున్నారు.

నవ్విన అధికారే వారం తిరక్కుండా సంతకం పెట్టాడు. బ్యాండు పీరియడు పోయింది. ఇప్పుడు చివరి గంట కొట్టాక, సైకిలు స్టాండు పక్క వరండాలో, ఉండాలనిపించినవాళ్లే ఉంటారు. మునుపటిలో సగం కూడా లేరు. సంచిక మాత్రం ఆఫీసు బల్లమీద అలాగే ఉంది, వచ్చినవాళ్లంతా మౌన నివాళి గురించి చదివి తల పంకించి వెళుతుంటారు. ఏనుగు రాత్రిళ్లు కంప్యూటర్ల గది మూల పడుకుంటుంది. స్టోరు గది తలుపు ఇంకా ఇరుకే.

పొద్దున్నపూట పాటలో ఆ చోటు రాగానే చిన్న క్లాసులవాళ్లు పెదవుల కిందనే “లేచిందా?” అని ఒకరినొకరు అడుగుతారు. ఆమె విననట్టు నిలబడుతుంది.

పండుగనాడే ఇంకొకటి జరిగింది. ఆనాటి డ్రమ్ము నాయకుడు ఇప్పుడు పెద్ద కాంట్రాక్టరు. భోజనాల దగ్గర తాళాలతణ్ణి పట్టుకుని, మీట బాగుచేసిన కూలి తను ఇచ్చేస్తానని పర్సు తీశాడు.

“మీరెవరండీ ఇవ్వడానికి? నాకు బాకీ పడింది బడి,” అన్నాడు అతను, చెయ్యి కడుక్కుంటూ.

ఆ కూలి ఇప్పటికీ రాలేదు.