స్లాబు మీద కట్టిన మడి

బెల్లంపల్లిలో మా ఇంటికి స్లాబు పోసిన ఎండాకాలం గుర్తొస్తే, నాకు ఇప్పటికీ ముందుగా మెడ నొస్తుంది. అది ఏ సంవత్సరమో చెప్పలేను. అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నాను. అంతకుముందు సంగతులన్నీ కాన్పులతో, కరువులతో గుర్తుపెట్టుకున్నవే. పెద్దబిడ్డ అప్పుడు ఒళ్ళోది. మెడ ఇంకా నిలవలేదు.

మా ఆయన బొగ్గు బాయిలో పని చేసేవాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. కంపెనీ క్వార్టర్ మాకు దొరకలేదు. ఆ క్వార్టర్ల లైన్లు దాటాక, రాళ్ళ దిబ్బ పక్కన మట్టిగోడల పెంకుటిల్లు మాది. దూలాలకు చెద పట్టింది. ఒక వానాకాలం పెంకులు జారి మా అత్త మంచం మీదే పడ్డాయి. ఆమె బయటికి వెళ్ళి ఉంది కాబట్టి బతికింది. అప్పటినుంచి మా ఆయనకు ఒకటే పట్టు. ఒక్క గదే కానీ, నెత్తి మీద స్లాబు ఉండాలి. భూమి కింద రోజూ పైకప్పు చూసి భయపడుతూ పని చేసేవాడికి ఇంట్లోనైనా ఆ భయం లేకుండా పడుకోవాలని ఉంటుంది కదా.

సిమెంటు అప్పట్లో పర్మిట్ మీద దొరికేది. తిరిగి తిరిగి తెచ్చిన బస్తాలను పందిట్లో చెక్కల మీద పేర్చి, చెమ్మ తగలకుండా కాపాడాడు. మళ్ళీ అన్ని బస్తాలు దొరకవని ఇంట్లో అందరికీ తెలుసు. పాత కప్పు విప్పేశాం. స్లాబు బాగుంటే మిరుగం కార్తె తొలి వానలకు దాని కిందికి చేరతాం. పగిలిపోతే పసిపిల్లతో పందిరి కిందే.

స్లాబు పోసేది తెలిసిన మేస్త్రి అప్పుడు మా వైపు ఎక్కువ లేరు. కంపెనీ కట్టడాల కోసం సముద్రం దిక్కునుంచి వచ్చిన ఒకాయన ఖాళీ రోజుల్లో బయటి పనులు ఒప్పుకునేవాడు. సన్నగా, మెడలో తువ్వాలుతో, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండేవాడు. మొదటిరోజే మా అత్తను "మామ్మగారూ, కాస్త మంచినీళ్ళు ఇప్పించండి" అన్నాడు.

మా అత్త నా వైపు తిరిగి, "ఏందే, నన్ను వట్టుకొని మామ అంటడు? మీసాలు గిట్ల ఉన్నయా నాకు?" అంది.

ఆయన ఆ నీళ్ళు తాగి, ఇంటి పక్కన పారుతున్న కాలువ చూశాడు. బాయిలోనుంచి తోడి బయటికి వదిలే నీళ్ళు అవి. రాత్రీ పగలూ పారేవి. బట్టలు వాటితోనే ఉతికేవాళ్ళం, గిన్నెలు వాటితోనే తోమేవాళ్ళం. గోడలకు మట్టి కూడా వాటితోనే కలిపాం. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఇవి వద్దు బాబూ" అన్నాడు మా ఆయనతో. "ఇనుముకు పడవు. మా ఊళ్ళో ఒకాయన ఉప్పుబావి నీళ్ళతో స్లాబు పోయించాడు, ఇసుకా సముద్రపొడ్డుదే. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, స్లాబు పెచ్చులు పెచ్చులుగా ఊడి అన్నంలో పడేది. కలపడానికైనా, తర్వాత తడపడానికైనా మంచినీళ్ళే కావాలి."

"మంచినీళ్ళు మాకే లెవ్వు. ఇంటికి తాపుతమా?" అంది మా అత్త.

ఆమె అన్నది నిజం. నల్లా నీళ్ళు క్వార్టర్ల వాళ్ళకే. మాలాంటి వాళ్ళకు వాళ్ళు పట్టుకున్నాక కడవెడో రెండు కడవలో. మిగతాదంతా వాగులో చెలిమె తవ్వి, ఇసుకలో ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని నెత్తిన మోసుకు రావాలి. ఎండాకాలంలో ఒక బిందె నిండేసరికి నడుము పట్టేసేది.

స్లాబు పోసే రోజుకు మా ఆయన బండి మాట్లాడి పీపాలతో నీళ్ళు తెప్పించాడు. తెల్లవారకముందే కంకర, ఇసుక, సిమెంటు కుప్ప పోసి పారలతో తిరగేశారు. ఆడవాళ్ళం నిచ్చెన పొడుగునా నిలబడి తట్టలు చేతులు మార్చుకున్నాం. నేను బాలింతనని కింది మెట్టు దగ్గర నిలబెట్టారు. పాలు కారి చీర తడిసి, దాని మీద సిమెంటు పడి అట్టలు కట్టింది. మేస్త్రి పైన నిలబడి "ఆగకూడదు, ఆగకూడదమ్మా, ఆగితే అతుకు పడుతుంది" అని అరుస్తూనే ఉన్నాడు. పొద్దు నెత్తిమీదికి రాకముందే అయిపోయింది. అందరికీ బెల్లం, పుట్నాలు పంచాం. మా ఆయన పైకెక్కి, తడి సిమెంటు అంచున చిటికెన వేలితో ఒక బొట్టు పెట్టి దిగాడు. ఆయన్ను అంత సంతోషంగా నేను ఎక్కువసార్లు చూడలేదు.

అసలు పని ఆ మర్నాడు మొదలైంది.

మేస్త్రి గోనె సంచులు తడిపి స్లాబు నిండా పరిపించాడు. "పొద్దునోసారి, సాయంత్రమోసారి తడపండి, చాలు. మా వైపు సముద్రపు గాలికి రాత్రంతా ఆరవు" అన్నాడు. ఆయనది అలవాటు మాట. మా వైపు వడగాలి ఆయనకింకా పూర్తిగా తెలియదు. నేను నిచ్చెన దిగి బిందె కడిగేలోపే పైన సంచులు అప్పడాల్లా ఎండిపోయాయి. మధ్యాహ్నానికి ఒక మూల వెంట్రుకవాసి గీత కనిపించింది. మా ఆయన దాన్ని గోటితో రాసి చూసి డ్యూటీకి పోయాడు.

మా అత్తది కరీంనగర్ దిక్కు వ్యవసాయం ఇల్లు. పెనిమిటి పోయాక కొడుకు వెంట బొగ్గు ఊరికి వచ్చింది కానీ, ఆమె కాళ్ళు ఇంకా పొలంలోనే ఉండేవి. సాయంత్రం మేస్త్రి వచ్చేసరికి ఆమె చీర ఎగ్గట్టి పైన కూర్చుని, నల్లమట్టి ముద్దలతో స్లాబు మీద ఒడ్లు వేస్తోంది. అచ్చం నారుమడి.

"ఏం చేస్తున్నారు మామ్మగారూ?"

"మడి కడుతున్న. కనవడ్త లేదా? నీళ్ళు నిలవెడితె ఎండదు. సంచులు కప్పుతె ఆరకుండ ఉండనీకి మీ సముద్రం మూట గట్టి తెచ్చినవా?"

పక్కింటామె కిందనుంచి, "ఓ పెద్దవ్వా, గిప్పుడు నారు వోస్తవా? దసరాకు కోతకొస్తదా?" అని నవ్వింది.

"వస్తది. నీకే వెడత మొదటి ముద్ద" అంది మా అత్త తలెత్తకుండా.

మేస్త్రి కూడా నవ్వాడు. తర్వాత ఒడ్డు మందం చూసి, "బాగుంది. మీరన్నదే చేయండి. నీళ్ళు మాత్రం మంచివి. ఆ గీత ఉందిగా, దాంట్లోకి కాలువ నీళ్ళు దిగాయంటే తిన్నగా ఇనుము దాకా పోతాయి" అని, నా మొహం చూసి ఆగాడు. "కష్టమేనమ్మా" అన్నాడు.

ఆ మళ్ళు నింపడం నా వంతయింది. పొద్దున చీకటుండగా వాగుకు, వచ్చి బిడ్డకు పాలు, మళ్ళీ వాగుకు. మా ఆయన డ్యూటీ దిగాక నల్లటి ఒంటితోనే కావడి ఎత్తుకుని రెండు బిందెలు తెచ్చి, పైన పోసి, అక్కడే కూర్చుని నిద్రపోయేవాడు. మిగతావి నేను. ఎంత పోసినా మడి తాగేసేది. ఇసుకలో చేతులు పెట్టి నీళ్ళు ఊరేదాకా చూస్తూ కూర్చుంటే ఎన్నోసార్లు అనిపించింది, అక్కడే ఒరిగి పడుకుంటే ఎవరేమంటారని. స్లాబు మీద నాకు ప్రేమా లేదు, కోపమూ లేదు. దాని దాహం తీరితే చాలనిపించేది.

మా అత్త వంట చేసేది, బిడ్డను ఆడించేది, నన్ను తిట్టేది. బిందె సగం తెస్తే "మిగిలినయ్ తొవ్వల ఎవనికి తాపినవే?" అనేది. ఆలస్యమైతే "చెలిమెల మొగం జూస్కుంట కూసున్నవా?" అనేది. నేను బిందె ఎత్తుకుని నిచ్చెన ఎక్కేదాన్ని. తిరిగి అనాలంటే ఓపిక ఉండాలి కదా.

అలా ఉండగా బిడ్డ ఏడుపు మారింది. పట్టుకుంటుంది, వదిలేస్తుంది, ఏడుస్తుంది. నా పాలు తగ్గిపోయాయి. మా అత్త ఒకసారి నా రొమ్ము పిండి చూసింది. ఆ సాయంత్రం ఆమె తిట్టకపోవడమే నాకు వింతగా తోచింది.

మర్నాడు వాగునుంచి వస్తూ రాళ్ళ దిబ్బ దగ్గర కళ్ళకు చీకట్లు కమ్మాయి. బిందె పడింది, నేనూ పడ్డాను. ఎవరో ఇద్దరు పట్టుకొచ్చి పందిట్లో మంచం మీద పడేశారు. ఒళ్ళు కాలిపోతోంది. లేవబోతే మా అత్త భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

"పండుకో."

"మడి ఎండుతది అత్తా."

"ఎండనీ. నీకెందుకు ఫికర్?"

గంజి తాగించి, బిడ్డను నా పక్కన పెట్టి బయటికి పోయింది. కొంచెంసేపటికి కాలువలో బిందె ముంచిన చప్పుడు వినిపించింది. నిచ్చెన కిర్రుమంది. పైన నీళ్ళు పారిన చప్పుడు. మళ్ళీ కాలువలో బిందె. ఆ నీళ్ళకు తుప్పు వాసన ఉంటుంది. పందిట్లోకి అదే వచ్చింది.

"అత్తా, గవి బాయి నీళ్ళు" అన్నాను.

ఆమె నిచ్చెన మీదనుంచే అంది: "తెలుసు. నేను గుడ్డిదాన్ననుకున్నవా? వాగు దాక నాకు శాతకాదు, నీకు శాతకాదు. వాడు బాయిల సస్తుండు. నువ్వు సస్తే గా పోరికి ఎవ్వడిస్తడు పాలు? స్లాబు ఇస్తదా?"

మా ఆయన వచ్చాక ఆమె దాచలేదు. "నేనే వోసిన. రేపు గూడ వోస్త" అని చెప్పింది. ఆయన నిచ్చెన ఎక్కి, ఆ గీత ఉన్న మూల చాలాసేపు కూర్చుని దిగాడు. నా నుదురు ముట్టుకుని చూశాడు. "గవే వోయి అవ్వా" అన్నాడు తల్లితో.

నా జ్వరం తగ్గేదాకా ఆ ముసలామె బాయి నీళ్ళతోనే మడి నింపింది. నేను లేచాక కూడా వాగుకు పోనివ్వలేదు. పాలు పడాలని సజ్జగటక, వెల్లుల్లి కారం పెట్టింది. మెల్లగా పాలు వచ్చాయి. బిడ్డ మళ్ళీ ఏడవకుండా తాగిన పూట మా అత్త గడపలో కూర్చుని ఉంది. చూసి, "తాగుతుందా?" అంది. "తాగుతుంది" అన్నాను. "మరి గిన్నెలు గడుగు, ఎన్ని దినాలు పండుకుంటవ్?" అని లేచిపోయింది.

స్లాబుకు కింద ఆనించిన గుంజలు తీసిన రోజు మేస్త్రి కింద నిలబడి కర్రతో తట్టి చూశాడు. స్లాబు నిలిచింది. మొదటి వానకు మేం లోపలే ఉన్నాం. మా ఆయన వెల్లకిలా పడుకుని, వాన చప్పుడు వింటూ నిద్రపోయాడు.

అయిదారు వానాకాలాలు గడిచాక ఆ మూల ఎర్రటి చార దిగింది. తర్వాత ఒకరోజు అరచేయంత పెచ్చు ఊడిపడింది. లోపల ఇనుము ఎర్రగా, పొరలు పొరలుగా కనిపించింది. మా ఆయన ఆ మేస్త్రినే వెతికి తీసుకొచ్చాడు. అప్పటికి ఆయన జుట్టు నెరిసింది. మాటలో "గట్ల", "జర" కలిశాయి. పైకి చూసి, మా అత్త వైపు చూశాడు.

"కాలువ నీళ్ళు పోశారు కదూ మామ్మగారూ?"

"వోసిన. అయితే ఏందిరా?"

అప్పుడే బడినుంచి వచ్చిన మా పెద్దబిడ్డ పలక విసిరేసి, ఆమె ఒడిలో తల దూర్చి "బువ్వ వెట్టు" అంటోంది. మేస్త్రి ఆ పిల్లను ఒకసారి చూసి, సంచిలోనుంచి ఉలి తీశాడు. మూల చెక్కి, ఇనుము గీకి, సిమెంటు పూశాడు. పోతూ "మళ్ళీ వస్తుందిది. ఎంత పూసినా వస్తుంది" అన్నాడు.

"రానీ" అంది మా అత్త.

వచ్చింది. ఆమె పోయాక కూడా రెండుసార్లు పూయించాం. ఇప్పుడు పూయించడం మానేశాను. వాన మొదలవగానే లేచి, ఆ మూల కింద గిన్నె పెట్టి వచ్చి పడుకుంటాను.