చీరల కౌంటరులో ఎవరిది సంసారం?

తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే పెద్ద బట్టల షాపులో ఈ రోజు పొద్దున మేనేజరు గారు అందరినీ నిలబెట్టి, మగవాళ్ళకు మాత్రం జీతాలు పెంచామని చెప్పారు. వాళ్ళూ, ఆడవాళ్ళం మేమూ చేసేది ఒకే పని. నా పక్కన చీరలు చూపించే రత్నకుమారి గారు, భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతున్న మనిషి, మెల్లగా అడిగారు.

“మరి మాకండీ?”

“మగాళ్ళకి సంసారాలుంటాయి కదమ్మా!”

“నాది సంసారం కాదాండీ?”

ఆయన విననట్టే, “అందరూ చప్పట్లు కొట్టండి” అన్నారు. కొట్టాం. రత్నకుమారి గారు కూడా కొట్టారు. తర్వాత షట్టరు లేపగానే వచ్చిన కస్టమరుకు నవ్వుతూ చీరలు విప్పి చూపించారు. నేను పక్కనే మడతలు పెట్టాను.

నాకు కోపం వస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను. రాలేదు. మీకైతే వచ్చేదాండీ?