లేని తలుపుకి అంటించిన నోటీసు

ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసేది. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే, వీధివైపు గదిలో కిటికీ దగ్గర కూర్చుని పొద్దస్తమానం పళ్ళు అమర్చేది, అరగదీసేది, నునుపు చేసేది. ఆమె మిషను రొద వీధి చివరిదాకా వినిపించేది. అందరూ ఆమెను పళ్ళక్క అనేవారు.

భర్త ఒక మందుల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగేవాడు. నెలకు రెండుసార్లు మాసిన చొక్కాలతో వచ్చి, ఇస్త్రీ చొక్కాలతో వెళ్ళేవాడు. ఎదురింటివాళ్ళు తమ చెత్తబుట్ట ఈ గుమ్మం ముందు పెట్టినా, వెళ్ళి అడగడానికి పెళ్ళాన్నే పంపేవాడు. తనకు గొడవలు గిట్టవనేవాడు. ఆమె దాన్ని మంచితనం అనుకుంది.

ఒకరోజు అత్తగారు వచ్చింది. ఆవిడ పై పళ్ళ సెట్టులో ముందుపన్ను ఊడిపోయింది. ఆ సెట్టు కోడలు చేసిందే.

"ఆదివారం లోపల అతికించి పెట్టమ్మా. పెళ్ళిలో నోరు మూసుకు కూర్చోలేను కదా."

"ఎవరి పెళ్ళి అత్తయ్యా?"

ముసలావిడ బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, వాడు నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. ఆవిడే నసుగుతూ, నీళ్ళు నములుతూ చెప్పింది. కోర్టు విడాకులిచ్చి కొన్ని నెలలైంది. ఆదివారం వాడికి మళ్ళీ పెళ్ళి. "నువ్వే కోర్టుకి రానన్నావట కదమ్మా!"

కోడలు పన్ను అతికించి, సెట్టు కడిగి, ఆవిడ చేతిలో పెట్టింది. "పళ్ళకి ఢోకా లేదు అత్తయ్యా. పెళ్ళి సంగతే నేను చెప్పలేను."

మర్నాడే ఒక లాయరమ్మను పట్టుకుని కోర్టులో కాగితాలు తీయించింది. భార్య తనను వదిలేసి పోయిందనీ, ఆచూకీ తెలియదనీ ఆ ఘనుడు ప్రమాణం చేసి రాసిచ్చాడు. ఎప్పుడో ఖాళీ చేసిన పాత అద్దె ఇంటిని ఆమె చిరునామాగా చూపించాడు. కోర్టు బంట్రోతు నోటీసు పట్టుకెళ్ళి, ఇంటికి తాళం ఉందనీ, ముందు తలుపుకి అంటించి వచ్చాననీ రాశాడు. ఆమె రాలేదు కాబట్టి ఒక పక్షం మాటే విని తీర్పు ఇచ్చేశారు. తీర్పు వచ్చిన వారం కూడా ఆచూకీ తెలియని ఆ భార్య ఇంటికే వచ్చాడు. కూర బాగుందని మారు వడ్డించుకున్నాడు. ఆమె పక్కనే పడుకుని గుర్రుపెట్టాడు.

"తెలియగానే వచ్చి మంచిపని చేశారు," అంది లాయరమ్మ. "ఆలస్యమైతే, తెలిసీ ఊరుకున్నారంటారు. తీర్పు రద్దు చేయమని అడుగుదాం. కానీ ఒక్కమాట చెప్పండి, ఆ మనిషి మీకింకా కావాలా?"

"వాడెవడికి కావాలండీ? నన్నొక మాట అడగాలి కదా. అది కావాలి నాకు."

అర్జీ పడగానే కోర్టు ఆ తీర్పును తాత్కాలికంగా ఆపింది. విషయం తెలిసి పెళ్ళికూతురివాళ్ళూ వెనక్కి తగ్గారు. ఆ సాయంత్రం అతను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేకే చెప్పలేదు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె చేతిలోని పన్ను మీంచి చూపు తిప్పలేదు. "తప్పుకో. వెలుతురికి అడ్డం."

విచారణలో అతని లాయరు గొంతు సవరించుకుని లేచాడు. "నోటీసు తీసుకోకుండా కావాలనే దాక్కున్నారు కదమ్మా?"

"నా మిషను మోతకి పిల్లలు నిద్రపోరని వీధిలోవాళ్ళు తిడతారండీ. దాక్కునేదాన్ని అంత చప్పుడు చేస్తానా?"

తర్వాత బంట్రోతు బోను ఎక్కి, తలుపుకి అంటించానన్న మాటే మళ్ళీ వల్లించాడు. అతని తర్వాత పాత ఇంటి ఓనరు వచ్చాడు. "ఏ తలుపండీ? అప్పటికి ఆ ఇల్లు పడగొట్టి ఏడాది దాటింది. తలుపులు నేనే అమ్ముకున్నాను. ఇప్పుడక్కడ బళ్ళు నిలుపుకుంటున్నారు," అన్నాడు.

జడ్జి బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు పైకప్పు వైపు చూశాడు. "ఆ దగ్గర్లో ఏదో తలుపేనండీ..." అని గొణిగాడు. అసలు సంగతేమిటంటే ఆ ఉద్యోగి కోర్టు ఎదుట టీకొట్టు బల్ల మీంచి లేచిందే లేదు. అతను అక్కడ కూర్చుని రాసిన ముక్కతో ఒక కాపురం తెగిపోయింది.

తీర్పు రద్దయింది. కేసు మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి ఆమె తన జవాబు తను ఇచ్చింది. విడాకులు తనకూ సమ్మతమే. కాకపోతే ఆమె ఇల్లు వదిలి పోయిందన్న మాట అబద్ధమని అతను నిండు కోర్టులో నోటితో చెప్పాలి. అప్పుడే సంతకం.

అతను లేచి నిలబడ్డాడు. తన లాయరు వైపు చూశాడు. లాయరు ఫైలులో తల దూర్చాడు. భర్త నోట్లోనే ఏదో గొణిగాడు.

"వినపడటం లేదు," అన్నాడు జడ్జి.

"అబద్ధమండీ. నేను రాసింది అబద్ధం." కొత్త మందుల గుణాలు ఊరూరా గడగడా అప్పజెప్పే మనిషికి ఆ నాలుగు మాటలకే చెమటలు పట్టాయి.

ఆమె సంతకం పెట్టింది. "ఇంకేమైనా చెప్పుకోవాలా?" అని జడ్జి అడిగాడు.

"విడాకుల మాట ఇంట్లో అడిగుంటే అన్నం తినేలోపు తేలిపోయేదండీ. ఇంతమందికి పని పెట్టాడు."

బయటికొచ్చాక లాయరమ్మ గెలిచారని అభినందించింది. ఆమె ఊరికే తలూపింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఒళ్ళు మండిపోయింది. అతను చేసిన మోసానికి కాదు. ఇన్నేళ్ళూ ఈ మనిషి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని తను మాట మాటా ఏరుకుని మాట్లాడినందుకు.