మిర్చి రైతులకు ఫోన్ చేసిన వారం

ఎనుమాముల మార్కెట్ దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీలో నాకు మొదటి ఉద్యోగం. మిర్చి రైతులకు ఫోన్ చేసి, కాయలు మా దగ్గర దాచుకోమని అడగాలి. నేనేమో ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వంటింట్లోకి జారుకునే రకం. అనాలనుకున్నవన్నీ డైరీలోనే అంటాను.

ఆ సోమవారం మా సార్ మెల్లగానే చెప్పాడు: "శనివారం లోపల నీ ఫోన్ మీద ఒక్క రైతన్నా వచ్చి మన స్టోరేజీ చూడాలమ్మా. లేకుంటే ఫోన్లకు వేరే మనిషిని పెట్టుకుంట."

ఉద్యోగం పోతే మళ్ళీ ఇంట్లోనే కూర్చోవాలి. పొద్దున్నే హన్మకొండ నుంచి బస్సు కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటూ వచ్చే ఆ కాస్త దారి కూడా పోతుంది. అందుకే మాటలన్నీ ముందే రాసిపెట్టుకుని, ఒక్క తప్పు లేకుండా చదివేదాన్ని. "నమస్కారం. మీ మిర్చి పంటను సురక్షితంగా నిల్వ చేసుకునే సదవకాశం..." అంతలోనే కట్.

గురువారం మధ్యాహ్నం ఒకావిడ ఎత్తింది. నేను చదువుతూనే ఉన్నాను. అవతల ఆమె భర్త గొంతు వినిపించింది.

"ఎవలే?"

"ఎవలు గాదయ్యా, మిషను మాట్లాడుతాంది. ఇగ ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది సూడు."

"నొక్కకు! బ్యాంకుల పైసలు పోతయి."

నాకు నవ్వు ఆగలేదు.

"ఓయయ్యో, మిషను నవ్వుతాంది!" అని ఆమె కేక పెట్టింది.

"పెద్దమ్మా, నేను మిషను కాదు, మనిషినే."

"మనిషివైతే గట్ల సదువుతవేందే? తిన్నవా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"మేమిప్పుడే కల్లం కాడ సద్ది ఇప్పినం. ఏ ఊరు బిడ్డా మీది?"

చెప్పాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కూడా చెప్పాను. అది ఆమె పుట్టింటి పక్క ఊరే! "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని కసురుకుంది. నాకు ధైర్యం వచ్చి, కాయలు ఎండినయా, తెల్లబడ్డ తాలు కాయలు ఏరుడు అయిందా అని అడిగాను. ఆమె మొదలుపెట్టింది. రేటు బాగా లేదట. ఆయన ఇప్పుడే అమ్మేద్దామంటున్నాడట.

"జర ఆగుదామంటే ఇంటలేడు. ఆగితే మాత్రం యాడ పెడుదుం?"

నేను అడగాల్సిన మాట ఆమే అడిగింది! హాయిగా, మామూలు మాటల్లో అంతా చెప్పాను.

శుక్రవారం అందరికీ అన్నం తినే వేళకే ఫోన్ చేశాను. ముందు కల్లం సంగతే అడిగాను. ఒకాయన తిట్టాడు కానీ, మిగతావాళ్ళు మాట్లాడారు. వస్తామని మాత్రం ఎవరూ అనలేదు.

శనివారం మధ్యాహ్నం దాటాక ట్రాలీ ఆటోలోంచి ఆ పెద్దమ్మ, పెద్దనాన్న దిగారు; గొంతు వినగానే గుర్తుపట్టాను. లోపలి తలుపు తెరవగానే చల్లగాలి కొట్టింది.

"అబ్బ! ఎండకాలమంత మమ్ముల గూడ గీడనే పెట్టుకోరాదుండ్రి!" అంది పెద్దమ్మ.

పెద్దనాన్న మాత్రం నవ్వలేదు. అక్కడున్న బస్తాలోంచి కాయ తీసి, రంగు చూసి, విరిచి చూశాడు. చివరికి, "రేపు ట్రాక్టరు తోల్కొస్త," అన్నాడు.

సార్ నా వైపు తిరిగి, "ఇగ ఫోన్ నీదేనమ్మా," అన్నాడు.

నేను ఇంకా తేరుకోకముందే పెద్దమ్మ నా భుజం పొడిచింది. "మా చెల్లెకు గూడ చెయ్యి. నెంబరు చెప్త, కొట్టు."

అందరూ చూస్తుండగా, అక్కడే నిలబడి చేశాను.

"చిన్నమ్మా," అన్నాను గట్టిగా, "తిన్నరా?"