కృపాకర్ మేస్త్రీ చేసిన సాయం

విశాఖ రేవులో కృపాకర్ మేస్త్రీ పేరు చెబితే కూలీలకు ధైర్యం. తన గ్యాంగులో ఎవరికి జ్వరమొచ్చినా వాడి పని మిగతావాళ్లు పంచుకోవాల్సిందే. ఆఫీసరు అడిగితే, వాడు ఓడ అడుగున ఉన్నాడని మేస్త్రీయే బొంకేవాడు. ఆదివారం చర్చి తప్పని మనిషే, ఇలాంటి అబద్ధాలు మాత్రం దేవుడు పట్టించుకోడని అతని నమ్మకం.

1978లో ఆ గ్యాంగులోని సన్యాసిరాజుకు చూపు తగ్గడం మొదలైంది. ఓడ పైన నిలబడి, అడుగున సరుకు కట్టగానే, పైకి లాగమని వించి డ్రైవరుకు చేత్తో సైగ చేయడం అతని పని. ఒకరోజు ఖాళీ కొక్కేనికే చెయ్యెత్తాడు. అందరూ నవ్వేసి ఊరుకున్నారు. మర్నాటి నుంచి కింద సరుకు కట్టే నూకాలు ఈల వేసేలా, అది విని సన్యాసిరాజు చెయ్యెత్తేలా కృపాకర్ ఏర్పాటు చేశాడు. పని సాగిపోయింది. వయసు మీద పడుతోందిలే అని సన్యాసిరాజు కూడా సరిపెట్టుకున్నాడు.

ఆ ఏడే సైగలు చేసేవాళ్లందరినీ కంటి పరీక్షకు పంపమని కబురొచ్చింది. వెళ్తే సన్యాసిరాజు ఉద్యోగం ఊడుతుందని కృపాకర్ భయం. చెబితే దిగులు పడతాడని అతని దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. ఓడ పని ఆగిపోతుందని ఆఫీసరును బతిమాలి తప్పించేశాడు. మరుసటేడూ అంతే. అంత మంచి మేస్త్రీ మరి!

ఆఖరికి సన్యాసిరాజు ఓడ మెట్ల మీద కాలు తప్పి పడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరు కళ్లు చూసి నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు. మొదట్లోనే వచ్చి ఉంటే చుక్కల మందుతో ఉన్న చూపు నిలిచేదని, పోయింది ఇక రాదని చెప్పారు. పక్కనే ఉన్న కృపాకర్ అంతా విన్నాడు.

సన్యాసిరాజు మాత్రం చూడవచ్చిన ప్రతివాళ్లకీ మేస్త్రీ మంచితనమే చెప్పేవాడు. అది వింటుంటే కృపాకర్‌కు చెవుల్లో సీసం పోసినట్టుండేది. తప్పు తనదేనని ఎవరితోనూ అనలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక వెళ్లి, గుమ్మంలో కూర్చున్న సన్యాసిరాజుకు ఆ కంటి పరీక్షల సంగతంతా చెప్పేశాడు. తిడితే బాగుండును, కొడితే ఇంకా బాగుండును అనుకున్నాడు. పెరట్లో చేపలు కడుగుతున్న సన్యాసిరాజు భార్య కాశమ్మ చెయ్యి ఆపేసింది.

సన్యాసిరాజు ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అందరూ కలిసి నాకు సాయం సేసీసినారు. కళ్లు నావి కదా బావ, నన్నొక్క మాట అడగనేదేటి?"