ముగ్గు తొక్కని మనిషి

బిడ్డా, మీరుండే కాడ నల్లా తిప్పితే నీళ్లొస్తయి. మన కరీంనగర్ గల్లిల అట్ల కాదు. ముందుగాల ఒకాయన వచ్చి గుంతల వాల్ తిప్పాలె, గప్పుడే ఇండ్లకు నీళ్లు. గా గుంత మన గడప ముంగటనే ఉన్నది. చిన్నప్పుడు మీరు దాని మూత మీద దుంకి చప్పుడు చేసెటోళ్లు, యాదికున్నదా?

ఏండ్లసంది ఒక్కాయనే తిప్పెటోడు. ఆయన రిటైరయిండు. కొత్తాయనను ఏదో ఏజెన్సి పంపింది. నలభై ఏండ్లుంటయి, బెల్లంపల్లి దిక్కు మనిషి. మెడల కార్డు, చేతుల పొడుగు ఇనుప రాడు. పొద్దుగాల వచ్చి, రాడు పెట్టి ఒక్కపారి గుంజి, "బిర్రుగున్నదవ్వా, ఇంక తిరుగది, ఫుల్ తెరిచే ఉన్నది. ట్యాంకులనే నీళ్లు లెవ్వు" అని పోయెటోడు. నాలుగొద్దులు చుక్క రాలే. నేనొక్కదాన్నే గనుక గోలెంల నీళ్లతోని ఎల్లదీసిన.

నిజం చెప్తున్న, మనిషి నాకు నచ్చిండు. పాతాయన రోజు నా ముగ్గు ఖరాబు చేసెటోడు. "తొక్కుతున్న అక్కా, ఏమనుకోకు" అనుకుంటనే తొక్కెటోడు. ఈయన ఒక్కనాడు కాలు పెట్టలే. ఎంత పద్ధతో అనుకున్న.

ఐదో నాడు ఎదురింట్ల వలీమా, కొడుకు పెండ్లి దావత్. గల్లి నిండ షామియానా. వంటోళ్లు గంగాళాలంత డేగులు దించిండ్రు, బియ్యం కడుగుదామంటె నీళ్లు లెవ్వు. ట్యాంకర్ పిలిస్తే షామియానా గుంజలు అడ్డమొచ్చి లోపటికి రాలేకపాయె. ఎదురింటామె వచ్చి మన గడప మీద కూలవడ్డది.

"అక్కా, మద్దాన్నానికి పిల్ల తరఫోళ్లు వస్తరు. చేతులు కడుక్కోను చెంబెడు నీళ్లు లేకుంటె నా ఇజ్జత్ ఏం గావాలె?"

గప్పుడే ఆయన వచ్చి రాడు పెట్టిండు. నేను ముగ్గు చిప్ప పట్టుకొని చూస్తున్న. గుంత పక్కపొంటి గోడ, రాడు పట్టుకొని చుట్టు తిరగరాదు. వెనుకకు అడుగేసుకుంట గుంజాలె, రాడు తీసి మళ్ల పెట్టి మళ్ల గుంజాలె. ఈయన అడుగు ముగ్గు దిక్కు గాదు, అవతల మురికినీళ్ల మోరి దిక్కు పడ్డది. మరి పాతాయన అడుగు? నీళ్లిడిచేటప్పుడు నా ముగ్గు మీద పడేది. బందు చేసేటప్పుడే మోరి దిక్కు.

ముగ్గు చిప్ప కింద పెట్టిన.

"బిడ్డా, నువ్వు మూసే దిక్కు గుంజుతున్నవ్."

"అన్ని వాల్‌లు గిట్లనే తిరుగుతయవ్వా."

"ఎవలు చెప్పిండ్రు?"

"ట్రెయినింగుల."

"ఎన్నొద్దులు అయ్యింది ట్రెయినింగు?"

ఆయన రాడు దిక్కు చూసిండు. "కాయిదం మీద దస్తకత్ పెట్టిచ్చుకున్నరు. రాడు ఇచ్చిండ్రు."

"అంతకుముందు ఏం పని చేసెటోనివి?"

"బట్టల దుకాన్ల తలుపు తీసి సలాం కొట్టెటోన్ని."

ఎదురింటామె కండ్లు తుడుసుకుంట, "అల్లా, మా గల్లికి గీయన్నే దొరికిండా" అన్నది. పాపం, ఆయన తల వంచుకున్నడు.

"కొన్ని తలుపులు గుంజితే తెరుసుకుంటయి, కొన్ని నూకితే తెరుసుకుంటయి. నీకు తెల్వని ముచ్చటా బిడ్డా? గిది ఉల్టా వాల్. గిటు దిక్కు రా" అన్న.

"అటొస్తే ముగ్గు తొక్కుతనవ్వా."

"తొక్కు."

జర జంకుకుంట కాలు పెట్టిండు. గుంజిండు, కదలలే. ఇంకోపారి గుంజితే లోపల కిర్రుమన్నది. ఒక చుట్టు, రెండు చుట్లు, ఆరు చుట్లు. నేనేసిన తామరపువ్వు రెక్కలన్ని ఆయన చెప్పుల కింద పోయినయి. ఎదురింట్ల పైపు ముందుగాల గాలి కక్కింది, తర్వాత ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత తెల్లటి ధార. డేగుల పడ్డ చప్పుడు నా గడప దాంక ఇనవడ్డది. ఎదురింటామె ఉరికి పోయి, తడి చేతులతోని మళ్ల వచ్చి నా రెండు బుగ్గలు పట్టుకున్నది. డ్యాం గేట్లు నేనే ఎత్తినట్టు అనిపిచ్చింది బిడ్డా, ఈ వయసుల.

మద్దాన్నం పిల్ల తరఫోళ్లు చేతులు కడుక్కొని, తినెతందుకు కింద పరిచిన దస్తర్‌ఖాన్ కాడ కూసున్నరు. వాళ్ల పక్కపొంటి గీ నీళ్లాయనను కూసోవెట్టి, ఎదురింటామె తన చేతులతోనే వడ్డించింది.

తెల్లారి నేనింక ముగ్గు పూర్తి చెయ్యనేలే, గల్లి మూలకెల్లి ఒక సలాం వచ్చింది, బట్టల దుకాన్ సలామే. ఎనుక మాట గూడ వచ్చింది.

"తొక్కుతున్న అవ్వా, ఏమనుకోకు."