దొరసాని పాలివ్వని ఆదివారం

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. మా కొట్టంలో ఒక బర్రెకు అర్థమైన సంగతి, పదో తరగతి పాసై అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే నాకు మూడు వారాల దాకా అర్థం కాలేదు.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా గల్లీలో ఎవరికైనా గాలి సోకిందంటే, సోకింది గాలి కాదు, గాలికబుర్లు అని నవ్వేవాణ్ణి. ఇందులో దయ్యం లేదు కూడా. ఒక బర్రె, ఒక చొక్కా, మా తమ్ముడు నర్సింహ. అంతే.

మాది కిషన్‌బాగ్. ఆరు బర్రెలు. బాపు మూసీ ఒడ్డు గడ్డి కోసుకొస్తే, పొద్దున నేను పాలు పిండి కొలువుకు పోయేవాణ్ణి, వచ్చాక సాయంత్రం పాలూ నేనే పిండేవాణ్ణి. నర్సింహ పాలక్యాన్లు సైకిలుకు కట్టుకుని లాడ్ బజార్ చుట్టుపక్కల చాయ్ హోటళ్లలో పోసి వచ్చేవాడు. ఆరింటిలో ఒకదాని పేరు దొరసాని. పని చేయదు, చేయించుకుంటుంది కాబట్టి ఆ పేరు. నా చేయి తప్ప ఎవరి చేయీ దానికి పడేది కాదు. నర్సింహ ఎప్పుడు కూర్చున్నా బకెట్ ఒక దిక్కు, వాడు ఒక దిక్కు.

దానికి మా పాలవాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. పిండే మనిషి మారితే, కొత్తవాడు పాతవాడి ఉతకని చొక్కా తొడుక్కుని కూర్చుంటాడు. బర్రె చేయి వాసన చూస్తుంది, చొక్కా వాసన చూస్తుంది, తనవాడే అనుకుని పాలు చేపుతుంది. దుడ్డె చస్తే దాని తోలులో గడ్డి కుక్కి ముందర నిలబెడతాం. తల్లి దాన్ని నాకుతూ పాలిస్తుంది. బర్రెలను మోసం చేసి బతికిన వంశం మాది. పైగా పాలల్లో నీళ్లు మాత్రం కలపం అని గర్వంగా చెప్పుకుంటాం.

ఎనభైలు సగం దాటాక నర్సింహకు బ్లడ్ క్యాన్సర్ అన్నారు. ఒంట్లో తెల్లకణాలు పెరిగిపోయాయట. మా వృత్తిలో ఎంత తెల్లగా ఉంటే అంత మంచిది. నెత్తురులో అట్లా కాదని అప్పుడే తెలిసింది. మందులతో కొన్నాళ్లు తగ్గింది. మళ్లీ రాకుండా ఉండాలంటే ఎముక మూలుగ మార్చాలని, అది బొంబాయిలో చేస్తారని చెప్పారు. పరీక్షల్లో నా మూలుగ వాడికి సరిపోయింది. నా నడుం ఎముకలోంచి తీసి వాడికి ఎక్కించారు. వాడికి మూలుగ దక్కింది, నాకు పది రోజులు మూలుగు మిగిలింది.

నా రక్తం ఓ గ్రూపు, వాడిది బి. కొన్ని నెలలకు పరీక్ష చేస్తే వాడిదీ ఓ అయింది. ఆ కాగితం అమ్మ దేవుని పటం వెనక పెట్టింది.

ఏడాది దాకా పశువుల దగ్గరికి పోవద్దన్నారు. పోలేదు. ఏడాది నిండి డాక్టరు సరేనన్న వారమే వాడు కొట్టంలోకి వచ్చాడు. దొరసాని అప్పుడే ఈని ఉంది. వాడి ఒంటి మీద వాడి చొక్కానే. తంతుంది చూడమని నేను దూరంగా నిలబడ్డాను. అది వాడి చేయి వాసన చూసింది, చెవులు వాల్చింది, నెమరేస్తూ పాలు చేపింది.

బాపు తలగుడ్డ తీసి కండ్లు తుడుచుకున్నాడు. అమ్మ మాత్రం వింతేమీ లేదన్నట్టు, "నీ నెత్తురే గద బిడ్డా వానిది. దానికి తెల్వదా?" అంది.

ఆ రోజు నుంచి సాయంత్రం పాలు వాడివి. మూడు నెలలు మా ఇంట్లో అందరూ గట్టిగా నవ్వారు. అమ్మ వాడికి పిల్లను వెతకడం మొదలుపెట్టింది.

ఒక బుధవారం నేను కొలువు నుంచి వచ్చేసరికి వాడు ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. దొరసాని పాలివ్వలేదట. తవుడు మారిందిలే అన్నాను. గురువారం, శుక్రవారం, శనివారం అదే వరుస. పొద్దున నాకు ఎప్పటిలాగే ఇచ్చేది.

ఆదివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. నా గళ్ల చొక్కా, రెండు రోజులు తొడిగినది, విప్పి వాడికి ఇచ్చాను. వాడు తొడుక్కుని పోయి చేయి చాపాడు.

అది వాసన చూసింది. తన్నలేదు. తన్నినా బాగుండేది. తాడు ఎంతవరకు సాగుతుందో అంతవరకు వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని నిలబడింది. చర్మం అలలు అలలుగా వణికింది. కండ్లు వాడి మీదే ఉన్నాయి. బాపు చేతిలోని గడ్డిమోపు కింద పెట్టాడు. చచ్చిన దుడ్డెను ముందర నుంచి లాక్కుపోయేటప్పుడు తప్ప బర్రె అట్లా వెనక్కి జరగగా తానెన్నడూ చూడలేదని ఆయన నాకు చెప్పింది చాలా రోజుల తర్వాత.

నర్సింహ నా చొక్కా గుండీలు విప్పుతూ, "అన్నా, నీ నెత్తురు వాపస్ పోయిందేమోనే," అన్నాడు.

"పోనీకి అదేమన్న కిరాయి నెత్తురారా?"

"మజాక్ గాదన్నా. ఒక్కసారి బొంబాయి పోయొద్దాం."

"పోయి ఏం చెప్తవ్ రా డాక్టర్‌కు? మా బర్రె పాలిస్తలేదు సార్, నాకు సూది ఇయ్యమంటవా?"

వాడు నవ్వాడు. అమ్మ నవ్వింది. ఆ నవ్వు తెచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అప్పటికి పదిహేను రోజుల కిందే చేయించిన రక్తపరీక్ష కాగితం నా దగ్గర ఉంది. అంతా బాగుందని రాసి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం నా వృత్తిదోషం. బొంబాయి డాక్టరు ఇచ్చిన తారీకు ఎట్లాగూ మూడు వారాల్లో ఉంది, అప్పుడే పోదామన్నాను.

ఆ మూడు వారాలు వాడు కొట్టం వైపు పోలేదు. గేటు దగ్గర సైకిలు తుడుస్తూ కూర్చునేవాడు. అక్కడి నుంచే దొరసాని వాడి వైపు చూస్తూ ఉండేది. మేత ముందర పెట్టినా తల తిప్పేది కాదు. మూడో వారం చివర వాడు పండ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చింది. తొడ మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు.

బొంబాయిలో రక్తం తీశారు. అందులో రెండు గ్రూపులూ కనిపించాయి. నాది తగ్గుతోంది, వాడి పాతది తిరిగి వస్తోంది. దానితోపాటు రోగమూ వచ్చింది. డాక్టరు చాలా నెమ్మదిగా చెప్పాడు. మూడు వారాల ముందు వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని అడిగాను. "ఉండకపోవచ్చు," అన్నాడు. ఆ 'వచ్చు' ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత నాలుగో నెలలో నర్సింహ పోయాడు.

దినాలు అయిన మర్నాడు పొద్దున దొరసాని ముందర చేయి చాపాను. వాసన చూసింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు చూసింది. తర్వాత పాలిచ్చింది. మరుసటి రోజు ఇంకాస్త ఎక్కువసేపు. ఆ మరుసటి రోజు ఇంకాస్త. వాడి ఒంట్లో ఏడాదికి పైగా ఉన్నది నా నెత్తురే కదా. ఒక బర్రె ముక్కు ముందర, తీర్పు కోసం నిలబడ్డ ముద్దాయిలా, నేను రోజూ పొద్దున ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆరో రోజు అది ఒక అడుగు వెనక్కి వేసింది. ఒక్క అడుగే. ఈగ వాలిందేమో. నేను బకెట్ అక్కడే వదిలి బయటికి వచ్చేశాను.

అప్పుడు పగ తీర్చుకున్నాను. చంద్రయ్య అని ఒక మనిషిని జీతానికి పెట్టి, ఉతకని నా గళ్ల చొక్కా ఇచ్చి దాని దగ్గరికి పంపాను. నేను గేటు దాటి లోపలికి పోలేదు. నన్ను వాసన చూసే అవకాశం దానికి మళ్లీ ఇవ్వలేదు. ఇక ఏం తెలిసినా అది తన కడుపులోనే పెట్టుకోవాలి.

నిమిషంలో బకెట్‌లో పాలధార చప్పుడు వినిపించింది.

"ఏందే దొరసాని, చొక్కాకే మోసపోయినవా!" అని చంద్రయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. చివరికి దాన్ని గెలిచాననుకున్నాను.

చంద్రయ్య చొక్కా విప్పి దండెం మీద వేశాడు. కింది గుండీ లేదు. ఆ ఆదివారం నర్సింహ గుండీలు విప్పుతుంటే తెగి పడిన గుండీ అది. అదే చొక్కా నర్సింహ తొడిగితే గోడ దాకా వెనక్కి జరిగింది. ముక్కూ మొహం తెలియని మనిషి తొడిగితే, అది నేనేనని నమ్మింది.